గంగమ్మ గుండు పాదం

అనంతపురం జిల్లాలో బెస్త ఇంట పుట్టడమంటే దేవుడు చేసిన ఎగతాళి. ఈ మాట ఉప్పొంకపల్లి ముత్యాలప్ప తన నోటితోనే అనేవాడు, నవ్వుతూ అనేవాడు. ఆ ఊరికి చెరువుంది, మైలు పొడుగు కట్ట ఉంది, రాతి తూముంది, నిండితే నీళ్ళు పొర్లిపోయే మరువ ఉంది. నీళ్ళే ఉండవు. మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఒక తుపాను దారి తప్పి ఇటు వచ్చినప్పుడు చెరువు నిండేది. తక్కిన కాలమంతా దాని అడుగున గొర్రెలు తిరిగేవి, కంపచెట్లు మొలిచేవి. ముత్యాలప్ప ఇంట్లో వాళ్ళ నాయన వల దూలానికి వేలాడుతూ ఉండేది. ఏడాదికొకసారి దాన్ని దించి, ఎలుకలు కొరికిన చోట అల్లి, మళ్ళీ దూలానికే కట్టేవాడు. కూడు మాత్రం వలతో వచ్చేది కాదు. చెనక్కాయలు పెరికే కూలికో, కంకర కొట్టే కూలికో పోతే వచ్చేది. కళ్యాణదుర్గం సంతలో ఎవరైనా మీరేం పని చేస్తారని అడిగితే చేపలు పట్టేవాళ్ళమని చెప్పేవాడు. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు, తనూ నవ్వేవాడు.

అయినా ఊళ్ళో ఆయనకు ఒక మర్యాద ఉండేది. అది గుండు వల్ల వచ్చిన మర్యాద.

చెరువులో తూముకు ఎదురుగా ఏనుగంత నల్లరాయి ఒకటి ఉంది. గంగమ్మ గుండు అంటారు. అడుగున దాని పాదం అరుగులాగా ముందుకు వచ్చి ఉంటుంది. చెరువు నిండినప్పుడు గుండు నెత్తి మాత్రమే కనిపిస్తుంది. నీళ్ళు తగ్గేకొద్దీ మెడ, నడుము, చివరికి పాదం. పాదం బయటపడిందంటే కట్టను ఆనుకున్న మడుగులో మోకాటి లోతు నీళ్ళే మిగిలినట్టు. ఏ కాలం పెద్దలు పెట్టిన కట్టుబాటో తెలియదు గానీ, పాదం మునిగి ఉన్నన్నాళ్ళూ చెరువులో చేప బెస్తవాళ్ళది, వేరెవరూ చెయ్యి పెట్టకూడదు. పాదం తేలిన రోజు నుంచి చేప ఊరిది, బెస్తవాడైనా అందరితో పాటు బుట్ట పట్టుకుని దిగాల్సిందే. ఆ రోజు వచ్చిందని చెప్పే పని మాత్రం బెస్త ఇంటి పెద్దది. తెల్లవారగానే కట్ట ఎక్కి, నోటి చుట్టూ చేతులు పెట్టి, "పాదం తేలిందప్పోయ్" అని మూడుసార్లు కేక వేస్తాడు. ఆ కేక వినపడేదాకా ఎంత ఆకలిగా ఉన్నవాడైనా చెరువులో కాలు పెట్టడు.

కేక వినపడిన తర్వాత ఊరిని చూడాలి. పై వీధివాళ్ళు, కింద వీధివాళ్ళు, ఊరి చివర చర్చి దగ్గర ఉండేవాళ్ళు, అందరూ చేపల మీద బోర్లించే ఊతలు, బుట్టలు, చేటలు, పాత చీరలు ఏది చేతికి దొరికితే అది పట్టుకుని పరుగెత్తేవాళ్ళు. మామూలు రోజుల్లో ఒకరి నీడ ఒకరి మీద పడకుండా నడిచేవాళ్ళంతా ఆ ఒక్క రోజు ఒకే బురదలో భుజాలు రాసుకునేవాళ్ళు. సాయంత్రానికి ఏ ఇంట చూసినా ఒకటే వాసన. మిగిలిన చేపకు ఉప్పు రాసి ఇళ్ళ మీద ఎండేసుకునేవాళ్ళు. చెరువు ఎండిందంటే పైరు కూడా ఎండినట్టే కాబట్టి, సంగటిలోకి నెలా రెండు నెలలు ఆ ఎండుచేపే ఆధారం. ఆ కట్టడి ఎవరు పెట్టారో గానీ ఆకలి బాగా తెలిసినవాళ్ళే పెట్టారు.

ముత్యాలప్ప నాయన నల్లప్ప డెబ్భై ఆరులో చివరి కేక వేశాడు. అప్పటికి ఆయనకు గొంతు పోయింది, కొడుకు భుజం పట్టుకుని కట్ట ఎక్కాడు. రెండు కేకలు తాను వేసి, మూడోది కొడుకుతో వేయించాడు. జనం అప్పుడే కట్ట దిగి మడుగు వైపు పరుగెత్తుతున్నారు. వాళ్ళను చూపిస్తూ కొడుకుతో ఒక మాట చెప్పాడు.

"నీళ్ళున్నన్నాళ్ళూ చేప మనది. పాదం తేలినంక ఒక్క పూట కూడా మనది కాదు. ఇది మర్చిపోతే ఈ ఊర్లో మనకు మొగం ఉండదు."

ముత్యాలప్ప మర్చిపోలేదు. అదే ఈ కథలో ఉన్న బాధ. మర్చిపోయినవాడిని ఊరు ఎప్పటికైనా క్షమిస్తుంది.

తర్వాత కొన్నాళ్ళకు ప్రభుత్వానికి చేపల మీద మనసు పడింది. కరువు సీమలో చెరువులన్నీ ఊరికే పడి ఉన్నాయి, వాటిలో చేపపిల్లలు వదిలితే బెస్తవాళ్ళు బాగుపడతారు, పేదవాడికి మంచి తిండి దొరుకుతుంది అన్నారు. మాటలో తప్పేమీ లేదు. డెబ్భై తొమ్మిదిలో బెస్త ఇళ్ళన్నిటినీ కలిపి ఒక సంఘం కట్టించి, ముత్యాలప్పను దానికి ప్రెసిడెంటును చేశారు. ఎక్కడి నుంచో చేపపిల్లలను ప్లాస్టిక్ సంచుల్లో గాలి పట్టించి తెచ్చి చెరువులో వదిలారు. ఆ ఏడు నీళ్ళు నాలుగు నెలలు కూడా నిలవలేదు. చేపలు వేలెడంత ఉండగానే గుండు పాదం తేలింది, ముత్యాలప్ప కేక వేశాడు, ఊరు వాటిని ముళ్ళతో సహా నమిలేసింది. చేపల ఆఫీసు నుంచి వచ్చినాయన ఖాళీ చెరువును చూసి, ఈ సంఘం దేనికీ పనికిరాదని రాసుకుని వెళ్ళాడు. మరి నీళ్ళు ఏ అంగట్లో అమ్ముతారో చెప్పమని అడుగుదామంటే ఆయన మళ్ళీ ఆ దిక్కుకు రాలేదు.

ఎనభై మూడులో వానలు పడ్డాయి. ఒకటి రెండు కాదు, పదిరోజుల ముసురు. చెరువు మరువ పారింది. ఊరంతా మేళతాళాలతో పోయి గంగమ్మకు చీర సమర్పించి, తూము దగ్గర పొట్టేలును కోసింది. ఆ వారంలోనే జీపులో దివాకర్ అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. కోస్తా మనిషి. చుట్టూ కాలవలు పారే ఊళ్ళో పుట్టినవాడు. చెరువు ఎండిపోతుందని అతనికి పుస్తకాల్లో చదివిన జ్ఞానమే గానీ కళ్ళతో చూసింది లేదు. కానీ మంచివాడు, పని మీద ప్రేమ ఉన్నవాడు. జీపు దిగుతూనే చేయి చాపి, "ముత్యాలప్ప గారు మీరేనాండీ?" అన్నాడు.

ముత్యాలప్పకు అప్పటికి నలభై ఏడేళ్ళు. నలభై ఏడేళ్ళలో ఆయన పేరు పక్కన 'గారు' పెట్టిన మనిషి అతనొక్కడే. ఇంటికొచ్చి భార్య ఓబులమ్మకు చెబితే ఆమె పకపకా నవ్వి, రాగిపిండి కలుపుతూ రెండు మూడుసార్లు "ముత్యాలప్ప గారూ" అని పిలిచి ఆటపట్టించింది. ఆయన కోపం నటించాడు గానీ లోపల ఎంత సంతోషపడ్డాడో ఆమెకు తెలుసు.

దివాకర్ తన మాట దాచుకోకుండా చెప్పాడు. పోయినసారి వదిలిన చేపపిల్లలు వృథా అయ్యాయి కాబట్టి ఈ సంఘం పేరు కొట్టేయాలని పైవాళ్ళు అంటున్నారు. తాను పట్టుబట్టి ఇంకొక్కసారికి ఒప్పించాడు. ఈ చెరువు నుంచి ఒక్కటంటే ఒక్క లారీ చేప, కిలోకు దగ్గరగా పెరిగిన చేప, ఐసులో పెట్టి పట్నానికి పంపగలిగితే చాలు. కట్ట కింద బావి తవ్విస్తారు, బావి పక్కన చేపపిల్లలను పెంచే గుంతలు కట్టిస్తారు, చెరువు ఎండినా బెస్తవాళ్ళకు ఏడాది పొడుగునా పని ఉంటుంది. పంపలేకపోతే సంఘం ఉండదు, తను కూడా మళ్ళీ రాలేడు. ఒక్క లారీ. ఆ రోజు నుంచి ముత్యాలప్ప బతుకంతా ఆ లారీ చుట్టూ తిరిగింది.

బొచ్చె పిల్లలు, శీలావతి పిల్లలు వదిలారు. కొత్త నైలాన్ వల వచ్చింది. తెల్లగా, పట్టుకుంటే జారిపోయేంత నునుపుగా ఉన్న ఆ వలను ముత్యాలప్ప పాత వల పక్కన వేలాడదీయలేదు, బట్టల పెట్టెలో పెట్టాడు. కూలికి పోవడం తగ్గించాడు. పొద్దునా సాయంత్రం తవుడూ చెనగపిండీ కలిపి చల్లడం, కొంగలను తోలడం, కట్ట మీద తిరగడం ఇదే పని. ఫిబ్రవరిలో ఒకరోజు పెరుగుదల చూడటానికి వల విసిరితే జానెడుకు పైబడిన బొచ్చె పడింది. చేతుల్లో అది కొట్టుకుంటుంటే ఆయనకు చిన్నపిల్లాడిలా నవ్వొచ్చింది. అంత పెద్ద చేపను పట్టి మళ్ళీ నీళ్ళలో వదలడం జీవితంలో అదే మొదటిసారి.

చెరువు కింద వరి వేసుకున్నవాళ్ళు తూము తీశారు. వాళ్ళనేమీ అనడానికి లేదు, నాలుగేళ్ళకు వచ్చిన నీళ్ళు, నాలుగేళ్ళ ఆకలి. ఊరి పెద్ద ఈరన్న తనకు చేతనైనంత న్యాయంగానే నీళ్ళు పంచాడు. కోతలయ్యాక తూము మూసేసరికి చెరువులో నీళ్ళు గుండు నడుము దాకా ఉన్నాయి. ఆపైన ఎండ తాగడం మొదలుపెట్టింది. ఏప్రిల్లో రావాల్సిన అదను వాన రాలేదు. మేలో కూడా రాలేదు. మెరక చేలల్లో చెనక్కాయలు అంతకుముందే దెబ్బతిన్నాయి, కూలి లేదు, ఊళ్ళో సగం పొయ్యిలు ఒక పూటే వెలుగుతున్నాయి. జనం కళ్ళన్నీ గుండు మీదే. లోపల చేపలు ఎంతెంత ఉన్నాయో కట్ట మీద నుంచే కనబడుతున్నాయి. అయినా ఒక్కరు గాలం కూడా వేయలేదు. ఇది కట్టుకథ కాదని చెప్పాలనిపిస్తుంది నాకు, ఆకలితో ఉన్న మనుషులు అట్లా కూర్చుని ఎదురుచూశారు.

చర్చి దగ్గర ఉండే పెద్దక్క రోజూ పొద్దున్నే కట్ట మీదికి వచ్చేది. భర్త లేడు, బిడ్డలు లేరు. ఇతరుల చేలల్లో మిగిలిపోయిన కాయలు ఏరుకుని బతికే ముసలిది. ఆ ఏడు ఏరుకోవడానికి కూడా కాయలు లేవు. వచ్చి ముత్యాలప్ప పక్కన నిలబడి, చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని, "పాదం యాడికొచ్చెనప్పా?" అని అడిగేది. ఇంకా మూరెడు లోతుందని ఆయన చెబితే సరేనని తలూపి వెళ్ళేది. మరుసటి రోజు మళ్ళీ వచ్చేది.

మే చివర ఒక సోమవారం దివాకర్ వచ్చి నాలుగు చేపలు పట్టించి తూచాడు. ముప్పాతిక కిలో. అతని మొహం వెలిగిపోయింది. గురువారం లారీ తెస్తానన్నాడు. అంతవరకు ఒక్క చేపను కూడా బయటికి తీయవద్దు, ఈ ఎండకు పూటలో కుళ్ళిపోతాయి, లారీ కట్ట మీద నిలబడ్డాకే వల వేయాలి అని మరీ మరీ చెప్పాడు.

ముత్యాలప్ప గుండు వైపు చేయి చూపించాడు. గుండు పాదం రేపో ఎల్లుండో తేలుతుందని, తేలితే చేప తమది కాదని, తాను కేక వేయాలని విడమరిచి చెప్పాడు. దివాకర్ అర్థం కానట్టు చూశాడు. ఈ చెరువులో చేపల హక్కు సంఘానిదని కాగితం ఉంది కదా, రాయి తేలితే కాగితం ఎలా చెల్లకుండా పోతుందని అడిగాడు. ఊరివాళ్ళు గొడవ చేస్తారేమోననుకుని, కావాలంటే పోలీసులను పెట్టిస్తానన్నాడు. ఆ మాటకు ముత్యాలప్ప కంగారుపడ్డాడు. ఊరి మీదికి పోలీసులా? ఆ తొందరలో నోరు జారాడు.

"పోలీసులు యాల సార్. నేను చూసుకుంటా."

చూసుకుంటానన్నాడు గానీ ఏమి చూసుకోవాలో ఆయనకే తెలియదు. మంగళవారం తెల్లవారి కట్ట ఎక్కేసరికి గుండు పాదం తేలి ఉంది. నల్లటి అరుగు అంచు వేలెడంత, దాని కింద తడి బురద, తెలిసిన కంటికి స్పష్టంగా. ఆయన చేతులు వాటంతటవే నోటి దగ్గరికి లేచాయి. ఊపిరి కూడా పీల్చాడు. ఆ ఊపిరిలోనే లారీ గుర్తొచ్చింది, బావి గుర్తొచ్చింది, దివాకర్ నోట తన పేరు గుర్తొచ్చింది. రెండే రెండు రోజులు. చేతులు దించేశాడు. కాసేపటికి పెద్దక్క వస్తుందని, అంత దూరం ఆనక తననే అడుగుతుందని తెలిసి, ఆమె రాకముందే కట్ట దిగి పోయాడు.

మధ్యాహ్నం, ఊరంతా ఎండకు తలుపులేసుకున్న వేళ, ఇంట్లో కడవ తీసుకుని చెరువులో దిగాడు. గుండు పాదం చుట్టూ చేతులతో బురద తోడి జానెడు ఎత్తు గట్టు పోశాడు. వరిమడికి గట్టు వేసినట్టు నున్నగా చేత్తో రాశాడు. మడుగులో నుంచి కడవలతో నీళ్ళు మోసి ఆ గట్టు లోపల పోశాడు. ఇరవై కడవలో, ముప్పై కడవలో. పాదం మునిగింది. కట్ట ఎక్కి చూస్తే గట్టుకు, బురదకు తేడా తెలియడం లేదు. గుండు చుట్టూ నీళ్ళు ఎండకు మెరుస్తున్నాయి. పాదం ఇంకా తేలలేదని ఎవరైనా అనుకుంటారు. నాలుగు తరాలుగా ఊరికి నిజం చెప్పిన ఇంటివాడు చేసిన పని అది.

నీళ్ళు ఇంకిపోయేవి. రోజూ మధ్యాహ్నం పోసి మళ్ళీ పోయాలి. బుధవారం పోశాడు. గురువారం పోశాడు. గురువారం పొద్దుగూకేదాకా రోడ్డు మీద నిలబడినా లారీ రాలేదు. సాయంత్రం బస్సులో కండక్టరు ఒక చీటీ తెచ్చిచ్చాడు. పట్నంలో కరెంటు కోత, ఐసు గడ్డకట్టలేదు, శనివారం తప్పకుండా వస్తామని దివాకర్ రాశాడు. చీటీ చదివించుకుని ముత్యాలప్ప ఇంటికొచ్చేసరికి ఓబులమ్మ గడపలో కూర్చుని ఉంది. ముందు కడవ ఉంది. కడవ అంచుకు చెరువు బురద ఎండి పట్టి ఉంది.

"పెద్దక్క ఇంటికొచ్చి నీకు దండం పెట్టి పోయింది" అంది ఓబులమ్మ. "ఊరికోసం ఎర్రటెండలో గంగమ్మకు నీళ్ళు పోసి మొక్కుతాండావంట. కట్ట మీద చెట్టుకింద నుంచి చూసిందంట."

ముత్యాలప్ప చెప్పులు విడవడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

"నేనూ పోయి చూస్తి" అంది ఆమె. "గట్టు బాగా పోసినావు. ఇప్పుడన్నా పోయి పిలుచు. తేలిన దినం తెలియలేదని చెప్పు, నమ్ముతారు."

ఆయన గోడకు ఆనుకుని కూలబడి, ఇంక రెండు రోజులే కదా అన్నాడు. లారీకి ఎత్తిన తర్వాత మిగిలినదంతా తన చేత్తో ఇంటింటికీ పంచుతానన్నాడు. బావి వస్తే ఊరికే కదా మంచిది అన్నాడు. అవన్నీ నమ్మే అన్నాడు. అబద్ధం చెప్పేవాడిని ఆపవచ్చు, నమ్మి చెప్పేవాడితో ఏం వాదించేది? ఓబులమ్మ ఆ రాత్రి సంగటి తినలేదు.

శుక్రవారం తెల్లవారి మడుగు దగ్గరికి పోతే చేపలన్నీ నీళ్ళ మీద నోళ్ళు తెరిచి ఉన్నాయి. వందల నోళ్ళు, గుండ్రంగా, గాలి కోసం తెరుచుకుంటూ మూసుకుంటూ. నీళ్ళు అప్పటికే వెచ్చగా ఉన్నాయి. తెల్లవారి ఇట్లాంటిది కనిపిస్తే ఆ పూటే చేపను తీసేయాలని వాళ్ళ నాయన ఎన్నోసార్లు చెప్పాడు, సాయంత్రానికి నమ్మకం లేదని చెప్పాడు. ముత్యాలప్పకు అంతా తెలుసు. చేపను చదవడం ఆయనకు చీటీ చదవడం లాంటిది కాదు, తాతల నుంచి వచ్చిన విద్య. కేక వేస్తే ఈ రోజు ఊరు తింటుంది, రేపు లారీ ఖాళీగా తిరిగిపోతుంది. అక్కడే గట్టున కూర్చుని ఎండ నెత్తికెక్కేదాకా లేవలేదు. ఒక్క రోజు ఓర్చుకోండి తల్లీ అని చేపలతో అన్నాడు. తర్వాత లేచి కడవ తీసుకుని గుండు దగ్గరికి పోయి నీళ్ళు పోశాడు. తర్వాతి రోజుల్లో ఆయనకు మంగళవారం అంతగా గుర్తుకు రాలేదు, శుక్రవారం పోసిన ఆ నీళ్ళే గుర్తొచ్చేవి.

శనివారం తెల్లవారేసరికి మడుగంతా తెల్లగా ఉంది. దూరం నుంచి చూసి ముందు పొగమంచు అనుకున్నాడు, మే నెలలో పొగమంచేమిటి? చేపలన్నీ పొట్టలు పైకి తేలి ఉన్నాయి. కదిలేది ఒక్కటీ లేదు. కాకులు అప్పటికే దిగాయి. ముత్యాలప్ప నీళ్ళలో మోకాళ్ళ మీద పడి చేతికందినదాన్నల్లా తిప్పి తిప్పి చూశాడు. తొమ్మిది నెలలు తవుడు పెట్టి పెంచిన చేపలు మెత్తబడి చేతిలో జారిపోయాయి.

పారిపోయి ఉండవచ్చు. బళ్ళారి బస్సు ఎక్కేసి ఉండవచ్చు, చాలామంది అంతకంటే చిన్న తప్పులకే ఎక్కారు. ఆయన మాత్రం కట్ట ఎక్కాడు. ఊరికి ఒక కేక బాకీ ఉందనుకున్నాడో, ఒంటరిగా ఆ చావును చూడలేకపోయాడో. నోటి చుట్టూ చేతులు పెట్టి, "పాదం తేలిందప్పోయ్" అని మూడుసార్లు అరిచాడు. గొంతులో తేడా ఎవరికీ తెలియలేదు.

ఊరు వచ్చింది. బుట్టలతో, ఊతలతో, నవ్వుతూ, ఒకరినొకరు తోసుకుంటూ వచ్చింది. ముసలివాళ్ళు కూడా పరుగులాంటి నడకతో వచ్చారు. కట్ట మీదికి ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే ఆగిపోయారు. వెనకవాళ్ళు ఏమైందని అడుగుతూ ముందుకు తోశారు. చివరికి అందరూ చూశారు. అప్పుడు ఈరన్న పంచె ఎగ్గట్టి దిగి, మడుగు చుట్టూ తిరిగి, గుండు దగ్గరికి పోయి నిలబడ్డాడు. కాలితో గట్టును తన్నాడు. గట్టు తెగి లోపలి నీళ్ళు బయటికి పారాయి, పాదం తేలింది. ఈరన్న తలెత్తి కట్ట మీద ముత్యాలప్పను చూశాడు.

"ఎన్ని దినాలాయె?"

"నాలుగు" అన్నాడు ముత్యాలప్ప.

కొడతారనుకున్నాడు. ఎవరూ కొట్టలేదు. కొడితే బాగుండేదని తర్వాత చాలా ఏళ్ళు అనుకున్నాడు. జనం తెచ్చిన బుట్టలు ఖాళీగా పట్టుకుని నిలబడ్డారు. కొందరు తట్టుకోలేక కాస్త గట్టిగా ఉన్నవి ఏరుకుని పోయారు. వండుకుని వాంతులు చేసుకున్నారని మరుసటి రోజు తెలిసింది.

పెద్దక్క చేట పట్టుకుని గుండు దాకా పోయింది. తెగిన గట్టు లోపల, రాతి నీడన, కడవలతో పాటు వచ్చిన చిన్న పరిగె చేపలు కొన్ని చిటికెడు నీళ్ళలో కొట్టుకుంటున్నాయి. మొత్తం చెరువులో ప్రాణమున్నవి అవే. ఆమె వంగి ఒక్కొక్కటే ఏరి చేటలో వేసుకుంది. అయిదో ఆరో. తిరిగి కట్ట ఎక్కి ముత్యాలప్ప ముందు ఆగింది. ఆమె కళ్ళల్లో కోపం లేదు, అది ఉంటే ఆయన భరించేవాడే.

"మాకోసం మొక్కుతాండావనుకుంటి గదప్పా" అంది. అనేసి మెల్లగా తన దారిన పోయింది.

పన్నెండు గంటలకు లారీ వచ్చింది. నిండా ఐసు, పైన ఊకా గోనెపట్టాలూ. దివాకర్ దూకి దిగి, మడుగు చూసి, తల పట్టుకుని కట్ట మీద కూర్చున్నాడు. గురువారమే వచ్చి ఉంటే అని రెండుసార్లు అన్నాడు. అతని తప్పు కూడా కాదు. లారీ డ్రైవరు కాసేపు చూసి, ఊరికే కరిగిపోయేదాన్ని వెనక్కి మోసుకుపోవడం దేనికని ఐసు గడ్డలను అక్కడే దొర్లించేశాడు. అవి కట్ట వాలున పడి మధ్యాహ్నమంతా కరిగాయి. ఆ నీళ్ళు నాలుగు అడుగులు పారి నేలలో ఇంకిపోయాయి.

ఆఫీసు కాగితాల్లో నీటి కొరత వల్ల అని రాశారట. సంఘం పేరు కొట్టేశారు. దివాకర్‌ను వేరే ఊరికి మార్చారు. పోయేముందు ముత్యాలప్పకు ఒక ఉత్తరం రాశాడు. పైన ముత్యాలప్ప గారికి అని ఉంది. ఆయన దాన్ని ఎవరితోనూ చదివించుకోకుండా పొయ్యిలో పెట్టాడు.

తర్వాత మూడేళ్ళు వరసగా కరువు. ఊళ్ళో సగం మంది బెంగుళూరుకు, బళ్ళారికి పోయారు. ఉన్నవాళ్ళు కరువు పనికి పోయి రోడ్లకు కంకర కొట్టారు. పెద్దక్క రెండో ఏడు పోయింది. వయసు మళ్ళింది కదా, పోయే కాలం వచ్చింది అన్నారందరూ. ముత్యాలప్ప అట్లా అనుకోలేకపోయాడు. ఆ చేపలు ఉప్పు రాసి ఎండేసుకుని ఉంటే ముసలిది ఇంకో ఏడు ఉండేదేమోనన్న లెక్క ఆయన మనసులో నుంచి పోలేదు. ఊరు ఆయనను వెలివేయలేదు. పలకరించింది, పనికి పిలిచింది, పెళ్ళికి చెప్పింది. కానీ ఏదైనా ఒక మాట నిజమా కాదా అని తేల్చుకోవాల్సి వస్తే, ఆయన అక్కడ ఉన్నా వేరేవాళ్ళను అడిగేవాళ్ళు. ఓబులమ్మ మరోసారి ఆ సంగతి ఎత్తలేదు. ఆ కడవలో మాత్రం మళ్ళీ తాగే నీళ్ళు పట్టలేదు.

ఆ కరువులోనే ఒకరోజు ఈరన్న రాళ్ళు చెక్కేవాళ్ళను పిలిపించి, ఎండిన చెరువులో గుండు చుట్టూ, పాదానికి మూరెడు పైన ఒక గాడి చెక్కించాడు. దాని మీద తెల్ల రంగు పూయించాడు. గట్టు కట్టినా మూయలేనంత ఎత్తులో, కట్ట మీద ఏ మూల నుంచి చూసినా కనిపించేంత వెడల్పుగా. ఆ తెల్ల పట్టీ మొత్తం బయటపడిన రోజు నుంచి చేప ఊరిది అన్నారు. ఇక ఎవరూ ఎవరినీ పిలవాల్సిన పని లేదు. ఆ రంగు పూసే రోజు ముత్యాలప్ప అక్కడే కంపచెట్లు కొడుతూ ఉన్నాడు. రంగు డబ్బా అందించమంటే పోయి అందించాడు.

ఎనభై ఎనిమిదిలో మళ్ళీ చెరువు నిండింది. మళ్ళీ గంగమ్మకు చీర కట్టారు. ఎవరో పట్నం కాంట్రాక్టరు చేపపిల్లలను తెచ్చి వదిలి, నాలుగు నెలల్లో తనకు కావాల్సినంత పట్టుకుని పోయాడు. మిగిలినవి మిగిలాయి. మరుసటి ఎండాకాలం, పొద్దున్నే, అలవాటు కొద్దీ ముత్యాలప్ప కట్ట ఎక్కాడు. కంటిచూపు కొంచెం తగ్గింది. చేయి అడ్డం పెట్టుకుని చూస్తే తెల్ల పట్టీ పూర్తిగా బయటపడి, కింద రాయి నల్లగా కనబడుతోంది. ఊపిరి నిండా పీల్చి, నోటి చుట్టూ చేతులు పెట్టాడు.

కట్ట ఆ చివర నుంచి అప్పటికే జనం దిగుతున్నారు. బుట్టలు, ఊతలు, పాత చీరలు. పట్టీ చూసి ఎవరికి వాళ్ళు వచ్చారు. సగం ఊరు అప్పుడే నీళ్ళలో ఉంది, నవ్వులు కట్ట దాకా వినిపిస్తున్నాయి. ముత్యాలప్ప చేతులు అలాగే కాసేపు నోటి దగ్గర ఉంచుకుని, తర్వాత దించేశాడు. ఆయన కట్ట మీద నిలబడి ఉన్నాడని ఎవరూ తలెత్తి చూడలేదు.